జనవరి ఒకటిన పుట్టిన చెంగమ్మలు

రాతలో తప్పులుంటే మన్నించండి. ఆయన పోయాక, అరవయ్యో ఏట అక్షరాలు నేర్చుకున్నాను. ఈ చిన్న కథకే ఇరవై రోజులు పట్టింది.

ఫోన్‌లో మేనత్త పేరు కింద కనబడ్డ షుగర్ మందు చూసి రేవతికి ఒళ్ళు మండింది. తిరుపతిలో ఆమె పనిచేసే చిన్న ఆఫీసు ఒక ఆసుపత్రికి యాప్ తయారుచేస్తోంది. ఎవరు ఏ మందు ఎప్పుడు వేసుకోవాలో అది చెబుతుంది. రేపే విడుదల. వాడి చూడమని, ఆ ఆసుపత్రిలోనే చూపించుకునే మేనత్త చెంగమ్మను పాకాల నుంచి రప్పించింది.

"నాకు షుగర్ యాడుండాది పాపా?" అంది చెంగమ్మ. "ఇదెవురి మాత్ర?"

రేవతి వెతికింది. నగరిలో ఇంకో చెంగమ్మ ఉంది. ఇద్దరి పుట్టినతేదీ ఒకటే, 1955 జనవరి ఒకటి. పేరూ తేదీ కలిస్తే ఒకే మనిషని యాప్ ఇద్దరినీ కలిపేసింది.

"యాడో ఒకరికి అట్లా వస్తుందిలేమ్మా," అన్నాడు యజమాని మునిశేఖర్. "ఆ ఒక్కటీ చేత్తో మార్చి పంపు."

"ఒకరికా? తేదీ తెలియని ముసిలోళ్ళందరికీ ఆధార్ కార్డులో జనవరి ఒకటే రాసినారు సార్. మా వీధి వీధంతా ఆ పొద్దే పుట్టినారు!"

చెంగమ్మ ఊరుకోలేదు. "ఏమప్పా, నన్ను ఎత్తకపోయి ఆయమ్మలో కలిపేస్తివే. మాత్రలేనా, ఆయమ్మ మొగుడు కూడా నాకేనా?"

మునిశేఖర్ నవ్వాడు. ఆ నవ్వుకు రేవతి కోపం కట్టలు తెంచుకుంది. యూనిట్ టెస్టులు పెడదామని రెండు నెలలుగా మొత్తుకుంటోంది. యాప్‌లో ఒక్కో ముక్కనూ విడిగా పరీక్షించే చిన్న ప్రోగ్రాములవి. టైం లేదని ప్రతిసారీ తోసేశాడు.

"మా నాయన నగరిలో మగ్గం నేసినాడు సార్. కొత్త రంగొస్తే ముందు ఒక్క చిలప, ఒక చుట్ట నూలుకే అద్ది, ఉతికి, తెల్లగుడ్డలో పిండి చూసేవాడు. గుడ్డకంటితే నేతకు ఎక్కించడు. ఆడ పోతే రంగు పోతాది. ఈడ ప్రాణం పోతాది!"

అక్కడే కూర్చుని మొదటి టెస్టు రాసింది: ఇద్దరు చెంగమ్మలు, ఒకే తేదీ, ఇద్దరూ వేరని తేలాలి. నడిపింది. పరీక్ష తప్పినట్టు తెర ఎర్రబడింది.

"ఇది పచ్చగయ్యేదాకా పంపను. పంపాలంటే ఆ మాత్ర మా అత్తకు మీ చేత్తోనే వెయ్యండి."

చెంగమ్మ కొంగు సర్దుకుని, అతని వైపు తిరిగి నోరు తెరిచి కూర్చుంది.

మునిశేఖర్ నవ్వు పోయింది. ఆసుపత్రికి ఫోన్ చేసి, రేపు కాదని చెప్పాడు.

రేవతి కోపం మాత్రం చల్లారలేదు. రెండో టెస్టు మొదలుపెట్టింది: పుట్టినతేదీ అసలే లేని మనిషి.

వరలక్ష్మమ్మ
కార్డు ప్రకారం అరవై ఆరేళ్ళు
ప్రస్తుతం ఉండేది తిరుపతి, అలిపిరి దగ్గర