నూటికి నూరు హాజరు

వక్తృత్వ క్లబ్బు సెక్రటరీని యూనివర్సిటీలో అందరూ మైకు అని పిలిచేవారు. నోరు తెరిస్తే మూసేవాడు కాదు. అంత నోరున్నవాడికీ శుక్రవారం సాయంత్రం వినడానికి ఆరుగురే వచ్చేవారు. రిజిస్టర్లో వారానికి పదిహేను సంతకాలు లేకపోతే గది డ్యాన్సు క్లబ్బుకి పోతుంది. వాళ్లు అప్పుడే గోడలకి అద్దాల కొలతలు కూడా తీసుకున్నారు.

అందుకని మిగతా తొమ్మిదీ మైకే పెట్టేవాడు. పేరు రాయించుకుని మళ్లీ మొహం చూపించనివాళ్లు పన్నెండుమంది ఉన్నారు. వాళ్లకి వంతులేశాడు. దొంగపనిలోనూ శ్రద్ధే: మూడు రంగుల పెన్నులు, ఇద్దరికి ఎడమ చెయ్యి. ఒక్క సంతకాన్ని మాత్రం వంతుల్లో కలపలేదు. దాని చివరి అక్షరం తోకలా వెనక్కి తిరిగి, పేరంతా చుట్టి, రెండు చుక్కలతో ఆగేది. అది పెడుతుంటే చేతికి హాయిగా ఉండేది, అందుకే ప్రతి వారం పెట్టేవాడు. ఆ మనిషి పొడుగో పొట్టో కూడా గుర్తులేదు.

ఏడాది చివర విద్యార్థి వ్యవహారాల ఆఫీసుకి కొత్త ముచ్చట పుట్టింది: నూటికి నూరు హాజరున్నవారికి బహుమతి, ఇంటికి ఉత్తరం. గుమాస్తా రిజిస్టరు తిరగేసి, మైకుని అడక్కుండానే ఆ తోక సంతకంవాడి ఇంటికి ఉత్తరం పంపేశాడు.

బహుమతుల రోజు మైకు క్లబ్బు గదిలో ఉపన్యాసం బట్టీ పడుతుంటే, ఒకావిడ ఆ ఉత్తరం పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"సెక్రటరీ నువ్వేనా బాబూ? ఈ ఉత్తరంలో పేరున్నవాడు మా అబ్బాయే."

"రండమ్మా, కూర్చోండి. ఆయన రాలేదా?" మైకు నవ్వుతూ కుర్చీ జరిపాడు.

ఆవిడ వింతగా చూసింది. "వాడు పోయి ఏడు నెలలైంది కదా."

మైకు చేతిలోని ఉపన్యాసం బల్లమీద పెట్టేశాడు. ఏడు నెలలుగా ప్రతి శుక్రవారం, చచ్చిపోయినవాడి సంతకం ముచ్చటపడి మరీ పెట్టాడు.

"ఉత్తరం చూసి వాళ్ల నాన్న మండిపడ్డారు. స్నేహితులే కావాలని పేరు తీయకుండా ఉంచుకుని ఉంటారని నేనే సర్దిచెప్పాను. అంతేగా బాబూ?" ఆవిడ కుర్చీలో కూర్చుంది. "ఇక్కడ వాడేం మాట్లాడేవాడు? ఒక్క మాట చెప్పు. ఇంట్లో అయితే నోట్లో నాలుక లేనట్టుండేవాడు."

అవునంటే చాలు. గది నిలుస్తుంది, పరువు నిలుస్తుంది, ఆవిడా తృప్తిగా వెళ్తుంది. ఏ విషయం మీదైనా అటూ ఇటూ వాదించగలవాడికి ఒక్క మాట అల్లడం ఎంతసేపు? నోరు తెరిచాడు. ఒక్క ముక్క కూడా జారిపోకూడదన్నట్టు ఆవిడ ముందుకి వంగింది.

"లేదమ్మా. ఆయన ఒక్కరోజే వచ్చారు. మిగతా సంతకాలన్నీ నేనే పెట్టాను, ఈ గది కోసం. ఆయన పోయారని నాకు తెలీదు. మొహం కూడా గుర్తులేదు."

ఆవిడ ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టింది. కొడుతుందేమో అనుకున్నాడు, కొడితే బాగుండుననీ అనుకున్నాడు.

"ఆ ఒక్కరోజుది చూపించు," అంది చివరికి.

మైకు రిజిస్టరు తెరిచాడు. ఆవిడ ఆ తోక వెంబడి రెండు చుక్కల దాకా వేలు నడిపింది. పేజీ తిప్పింది, ఇంకోటి తిప్పింది, మళ్లీ మొదటికొచ్చింది.

"కన్నతల్లిని," అంది తెల్లబోయి. "నాకే తేడా తెలియడం లేదు బాబూ."