అంచున ఒక మోచెయ్యి

గొడుగు పోయిన రోజు అన్నదే మా ఇంట్లో దాని పేరు, నలభై నాలుగేళ్ళుగా అదే పేరు, హనీమూన్ అనే మాట మా ఆవిడ నోట ఎప్పుడూ రాలేదు, అమ్మాయి చిన్నప్పుడు అడిగినా, కొండమీద చలి, సరస్సు బాగుంది, మీ నాన్న గొడుగు పోయింది, అంతే, అని నవ్వి లేచిపోయేది, ఇప్పుడు ఆమె పోయి మూడు వారాలు, ఈ స్టూడియో బల్లమీద అప్పటి ఫొటో, పెద్దది చేయించి హాల్లో పెడదామని అమ్మాయే బీరువాలోంచి తీసింది, నాన్నా, అమ్మ చూడు ఎంత బాగుందో, అంటోంది, నేను కళ్ళజోడు తుడుచుకుంటున్నాను, తుడిచిందే మళ్ళీ తుడుచుకుంటున్నాను.

ఫొటోలో పడవల రేవు, చెక్క రెయిలింగు, ఆమె కట్టుకున్నది పసుపు చీర అనుకుంటాను, నలుపు తెలుపుల్లో తెలియదు, అనుకోవడమేమిటి, పసుపే, నేనే కొన్నాను, ఆమె కుడివైపుకు తిరిగి చూస్తోంది, ఏదో అడగబోతున్నట్టు నోరు కొంచెం తెరుచుకుని, ఆ వైపు అంచున ఒక మోచెయ్యి, కోటు చెయ్యి, అంతే, ఆ రోజు కెమెరా అతను అరుస్తున్నాడు, దగ్గరికి జరగండి సార్, కొత్త పెళ్ళికొడుకు అంత దూరమైతే ఎలా, కెమెరా ఏం కరవదు, ఆమె నవ్వుతోంది, నా చెయ్యి ఆమె భుజం మీదికి సగం వెళ్ళింది, అప్పుడే వెనకనుంచి, ఏమయ్యా, జ్వరం తగ్గినట్టుందే, అన్న గొంతు, మా హెడ్మాస్టరు, కుటుంబమంతా వెంట, పెళ్ళి సెలవు అయిపోయాక జ్వరమని టెలిగ్రాం ఇచ్చి వచ్చాను నేను, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు, పక్కకి ఒక్క అడుగు వేశాను, ఒక్కటే, క్లిక్కుమంది, డాక్టరు గాలిమార్పు అన్నాడండీ, అన్నాను, మరి ఈ అమ్మాయి, అన్నారాయన, మా పెళ్ళికి రాలేదు, ఆమెను ఎరగరు, ఎవరోనండీ, బస్సులో కలిశారు, అన్నాను, అబద్ధమాడిన పిల్లల్ని బెంచీ ఎక్కించే నోటితోనే అన్నాను, ఆమె నా ముఖం ఒక్కసారి చూసి, ఆయనకు నమస్కారం పెట్టి, అవునండీ, ఈ మాస్టారు సీటిచ్చారు, లేకపోతే కొండదాకా నిలబడే వచ్చేదాన్ని, అంది, ఎంత చక్కగా అంది, నాకంటే బాగా, మంచి పని చేశావయ్యా, రా, మా పడవలో చోటుంది, అని ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు, వెళ్ళాను, గంటసేపు ఆయన నడుంనొప్పి గురించి విన్నాను, పడవ తిరిగినప్పుడల్లా రేవు కనిపించేది, బెంచీమీద ఒక పసుపు చుక్క, చేతిలో మా ఇద్దరి టిక్కెట్లు ఉండి ఉంటాయి, పక్కన నా గొడుగు.

వాళ్ళు కనుమరుగయ్యేదాకా ఆగి దగ్గరికి వెళితే, ఏం మాస్టారూ, లోతెంతుంది, అంది, బసకి చేరాక గొడుగేదీ అంటే, మీ దగ్గరుందనుకున్నానండీ, అంది, అంతే, ఆ తర్వాత బళ్ళో వార్షికోత్సవం వచ్చినా, ఆయన పదవీ విరమణ సభ వచ్చినా, సరిగ్గా ఆ రోజే ఆమెకు తలనొప్పి వచ్చేది, ఎందుకో నేను అడగలేదు, పిల్లలచేత రోజుకు పదిసార్లు క్షమాపణ చెప్పించేవాణ్ణి, నేను ఒక్కసారి చెప్పలేదు, వీలు చూసి చెబుదాం, వీలు చూసి చెబుదాం, ఆసుపత్రిలో ఆమె కళ్ళు తెరిచి, ఈ పక్క సీటు ఖాళీయేనా మాస్టారూ, అని నవ్వినప్పుడు కూడా, మందు వేసుకో, అన్నాను.

ఈ చెయ్యెవరిదండీ, స్టూడియో ఆయన అడుగుతున్నాడు, వేలు మోచేతి మీద పెట్టి, తీసేస్తే ఫొటో శుభ్రంగా ఉంటుంది, అమ్మాయి వంగి చూసింది, నాన్నా, ఫొటో నువ్వే తీశావు కదా, మరి ఇదెవరు, అంది, తల్లి చూసినట్టే ఒక్కసారి నా ముఖం చూసింది, అదే రేవు, అదే అడుగు, ఇన్నేళ్ళ నోట్లో మాట తయారుగానే ఉంది, ఎవరోనమ్మా, దారిన పోయేవాడు, తీసెయ్యమను, అన్నాను.

ఆయన చీటీ రాసిచ్చాడు, గురువారం రమ్మన్నాడు, అమ్మాయి నా చెయ్యి పట్టుకుని మెట్లు దింపుతోంది, సరిగ్గా ఆ చెయ్యే, మోచేతి దగ్గర, జాగ్రత్త నాన్నా, అంటోంది, గురువారానికి ఇంకా రెండు రోజులున్నాయి, ఒక్క మాట చెబితే ఆపేస్తారు, ఈసారి నా తరఫున అవునండీ అనడానికి ఆమె లేదు. ఆ చెయ్యి నాదని అమ్మాయికి నేనింకా చెప్పలేదు.