పడవెక్కిన పళ్ళసెట్టు

సామాన్ల గదిలో పెట్టె లేదు.

ఆమె మళ్ళీ వెతికింది. గోడవారగా, ఇస్త్రీబల్ల వెనక, పరుపుచుట్ట కింద. పొద్దున స్నానానికి వెళ్ళేముందు 'దుప్పట్లు' అని రాసున్న అట్టపెట్టె ఇక్కడే ఉంది. ఇప్పుడు అది ఉన్నచోట దుమ్ము అంటని చదరం ఒకటి మిగిలింది, వెక్కిరిస్తున్నట్టు.

"ఏవండీ!"

ముందుగదిలో కూనిరాగం ఆగలేదు. భర్త బోర్డు ముందు నిలబడి ఆకుపచ్చ బిళ్ళ ఒకటి అంటిస్తున్నాడు.

ఆ బోర్డంటేనే ఆమెకి ఒళ్ళుమంట. నీళ్ళు కనబడాలని ఏరికోరి ఏటి ఒడ్డున ఇల్లు కొనుక్కున్నారు. సామాను దించిన రోజే ఆయన ఆ బోర్డు తెచ్చి, సరిగ్గా నీళ్ళు కనబడే కిటికీకి అడ్డంగా నిలబెట్టాడు. గోడలకి చెమ్మ, మేకు నిలవడంలేదన్నాడు. 'ఈ ఏడాది లక్ష్యాలు' అని పైన పెద్దక్షరాలు. కింద ఆయనకో వరుస, ఆమెకో వరుస, అత్తగారికో వరుస. పూర్తయితే ఆకుపచ్చ బిళ్ళ, నడుస్తుంటే పసుపు, ఆగిపోతే ఎరుపు. బస్సుల టైంటేబుళ్ళు వేసే ఆఫీసులో పనిచేసే మనిషి. ఇంట్లో మనుషులు కూడా వేళకి బయల్దేరి వేళకి చేరాలంటాడు.

ఆదివారం ఆదివారం సమీక్ష. ఆయన ఒక్కో అంశం చదువుతాడు. ఎవరూ కాదనకపోతే అది తీర్మానం. ఫలహారం చల్లారిపోతుందని ఆమె అన్నిటికీ తలూపుతుంది. అత్తగారు అదీ చేయరు, కునుకు తీస్తారు.

"సామాన్ల గదిలో దుప్పట్ల పెట్టె ఏదండీ?"

"అయిపోయింది!" అన్నాడాయన విజయగర్వంతో. "ఆఖరి పెట్టె. మారింతర్వాత తెరవని పెట్టె ఏదైనా సరే, మనకి అక్కర్లేని పెట్టే. పోయిన ఆదివారం అనుకున్నాం కదా. నువ్వు తలూపావు కూడా."

"ఎవరికిచ్చారు?"

"పాతసామాన్ల పడవ వచ్చింది. మెట్ల దగ్గరే ఇచ్చేశా. చూడు, 'కొత్త ఇంట్లో సర్దుకోవడం' మొత్తం ఆకుపచ్చ!"

ఆమె బోర్డుకి అడ్డం వచ్చింది. "అందులో తాతగారి పళ్ళున్నాయి."

"ఏ తాతగారి?"

"వేలంపాటల తాతగారి పళ్ళండీ! నా మొదటి ఆర్డరు!"

కూనిరాగం ఆగింది.

ఆమె కట్టుడుపళ్ళు తయారుచేస్తుంది. పుష్కరకాలం ఇంకొకరి ల్యాబులో చేసింది. ఈ ఇల్లు కొనడానికి ఆమె ఒప్పుకున్నదే కింది గది కోసం. ఏటివైపు పెద్ద కిటికీ, నిండుగా వెలుతురు, అక్కడ సొంతంగా పెట్టుకుందామని. ల్యాబు యజమాని నవ్వి పంపించాడు. "సరదా తీరాక వచ్చెయ్యమ్మా, నీ కుర్చీ ఎక్కడికీ పోదు" అన్నాడు. ఆ కుర్చీ ఇంకా అక్కడ ఖాళీగా ఉందన్న తలపుకే ఆమెకి అన్నం సయించడంలేదు.

పళ్ళ డాక్టరమ్మ ఒక అవకాశం ఇచ్చింది. వేలంపాటల తాతగారికి పై దవడ, కింది దవడ పూర్తి సెట్టు. ఊళ్ళో వేలంపాటలు నడిపే ఆయన ఈ వారాంతంలో తన ఆఖరి వేలం వేసి విరమించుకోబోతున్నాడు. ఇవాళ నాలుగింటికి మైనంలో అమర్చిన పళ్ళు ఆయన నోట్లో పెట్టి చూడాలి. సరిపోతే గట్టి సెట్టు పోసుకోవచ్చు. "ఇది వేళకి, సరిగ్గా అందితే ఇకమీదట నా పనంతా నీకే" అంది డాక్టరమ్మ. అందకపోతే ఏమిటో చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా.

నిన్న కింది గది కిటికీలోంచి ఎండ నేరుగా బల్లమీద పడింది. మైనం మెత్తబడుతుందేమోనని, ఇంట్లోకల్లా చల్లగా, చీకటిగా ఉండే సామాన్ల గదిలో, దుప్పట్ల మధ్య దాచింది. అంతకంటే భద్రమైన చోటు ఇంకెక్కడుంటుంది అనుకుంది. బోర్డు మాట మరిచిపోయింది.

"నువ్వు పెట్టెమీద రాయొచ్చు కదా," అన్నాడు భర్త.

"రాయాలా? మన ఇంట్లో మన వస్తువు దాచుకుంటూ, బాబ్బాబూ దీన్ని పారెయ్యొద్దని రాయాలా?"

"అదికాదు, ఎక్కడ పొరపాటు జరిగిందో ఆదివారం కూర్చుని..."

"స్కూటరు తియ్యండి!"

వరండాలో కుర్చీలోంచి అత్తగారు కేకేశారు. "ఆ పడవవాడు వంతెన వైపు పోయాడమ్మాయ్! వీడు పెట్టె అందిస్తుంటే చూశాను."

"చూసి ఆపొద్దా అత్తయ్యా?"

"ఆపితే నా వరుసలో ఇంకో ఎర్ర బిళ్ళ అంటిస్తాడు. మోకాళ్ళ కసరత్తుకే నాలుగున్నాయి."

ఏటి వెంబడి రోడ్డు సన్నది, వంకరది. ఆమె వెనక సీట్లో కూర్చుని పడవల్ని వెతుకుతోంది. ఇసుక పడవ. చేపల పడవ. బడిపిల్లల పడవ. పాతసామాన్ల పడవకి నీలం రంగు టార్పాలిన్ ఉంటుంది, అది మాత్రం కనబడదు.

"వాడికి టైం అంటూ ఉండదు," అన్నాడు భర్త చిరాగ్గా. "ఎప్పుడొస్తాడో, ఎక్కడాగుతాడో. అలాంటి సర్వీసు నడపనిస్తే ఊరంతా..."

"మీరు రోడ్డు చూడండి."

"చూస్తూనే ఉన్నా. అసలు దుప్పట్లలో పళ్ళు పెట్టడమేంటి, ఎవరికైనా తడుతుందా?"

ఆమె జవాబు ఇస్తే స్కూటరు ఆగేది, ఆగితే ఇద్దరూ రోడ్డుమీద తేల్చుకునేవాళ్ళు, తేల్చుకుంటే నాలుగయ్యేది.

మొదటి రేవులో బట్టలుతికే మనిషి, ఇందాకే వెళ్ళాడంది. రెండో రేవు పక్క టీ కొట్టులో ఇద్దరూ ఒకేసారి గుర్తుపట్టారు. టీ కొట్టావిడ బెంచీమీద పరుచుకుని కూర్చున్నది వాళ్ళ గళ్ళ దుప్పటే.

"కొత్తదాన్లా ఉంది, ఎవరో తెలివితక్కువ వాళ్ళు పారేశారు," అని మురిసిపోయిందావిడ.

"అవునండీ," అంది ఆమె భర్త వంక చూస్తూ. "పడవెటు పోయింది?"

వంతెన కింద దొరికింది. నీలం టార్పాలిన్, లోపల విరిగిన కుర్చీలు, రేడియోలు, తుప్పుపట్టిన తొట్లు. ఆమెకి అవేవీ కనబడలేదు. పడవ ముక్కుమీద, మధ్యాహ్నపు ఎండలో, ఇత్తడి చట్రంలో బిగించిన రెండు దవడలు ఎదురొచ్చే పడవలన్నిటినీ చూసి ఇకిలిస్తున్నాయి.

"అయ్యో! ఎండలో పెట్టావేంటి బాబాయ్!"

పడవవాడు తాపీగా తల తిప్పాడు. నెరిసిన గడ్డం, తలకి తువ్వాలు. "నా పడవకి గుర్తమ్మా అది. పొద్దుట్నుంచీ అందరూ చూసి నవ్వుతున్నారు. అదిగో ఆ పిసినారి ఇసుకపడవవాడు కూడా నవ్వాడు."

"అది నాది. పొరపాటున ఇచ్చేశారు."

"పొరపాటేం లేదు. ఆ సారు స్వయంగా ఇచ్చాడు. 'మళ్ళీ తెచ్చివ్వకు' అని కూడా చెప్పాడు."

భర్త ఆకాశంలోకి చూశాడు.

ఆమె చెప్పులు మెట్లమీద వదిలేసి పడవలోకి దూకింది. పడవ ఊగింది. చట్రం చేతిలోకి తీసుకోగానే ఆమెకి సంగతి అర్థమైపోయింది. కింది దవడ నీడపట్టున ఉండి బతికిపోయింది. వెనక పళ్ళు కదల్లేదు. కానీ పై వరుసలో ముందు పళ్ళన్నీ, గులాబీరంగు మైనం కరిగి, ఒకదానిమీదొకటి వాలిపోయాయి. ఒక కోరపన్ను అసలు లేనే లేదు.

ఒక్క క్షణం ఆమె కళ్ళముందు ఆ ఖాళీ కుర్చీ మెదిలింది. ఒక్క క్షణమే.

"ఇది ఎవరి నోరో తెలుసా బాబాయ్? వేలంపాటల తాతగారిది. ఇవాళ నాలుగింటికి పెట్టి చూసుకోవాలి. ఈ వారం ఆయన ఆఖరి వేలం."

పడవవాడు తువ్వాలు తీసేశాడు. "ఆయనదా? ముందే చెప్పొద్దూ! ఈ పడవ నేను ఆయన వేలంలోనే పాడుకున్నా. మూడోసారి అనబోతూ నా వంక చూసి ఆగాడమ్మా. ఎందుకాగాడో ఇప్పటికీ తెలీదు. ఆ ఆగడంలోనే ధైర్యమొచ్చి చెయ్యెత్తా." ఆయన గబగబా తాడు విప్పాడు. "దవాఖానా ఎక్కడ?"

"పాత గిడ్డంగుల రేవు పక్కన."

"రోడ్డెంట పోతే వంతెన దగ్గరే ఇరుక్కుంటారు. ఎక్కండి. సారూ, మీరూ ఎక్కండి, స్కూటర్ని ఎవడూ తినడు."

"పొయ్యి ఉందా?" అంది ఆమె.

"కిరసనాయిలుది ఉంది. టీ పెట్టమంటావా?"

"వద్దు. వెలిగించు. సన్నటి కత్తి ఉంటే ఇవ్వు. ఏవండీ, కోరపన్ను వెతకండి."

"ఎలా ఉంటుంది?"

"పన్నులా ఉంటుంది!"

టైంటేబుళ్ళ మనిషి ఇస్త్రీ చొక్కాతో పాతసామాన్లలోకి బోర్లా పడుకున్నాడు. మేకులు, సీసామూతలు, గడియారాల ముళ్ళు, ఎవరిదో చెవిపోగు. ఒక్కోటి పైకెత్తి "ఇదా?" అంటాడు. "కాదు." "ఇదా?" "అది గుండీ అండీ!" పడవ కదిలింది. నీళ్ళు పక్కలకి కొడుతున్నాయి. ఆమె కత్తి మొన వేడిచేసి, వాలిన పళ్ళని ఒక్కొక్కటిగా మైనంలోంచి లేపి, నిలబెట్టి, చుట్టూ మైనం నునుపు చేస్తోంది. ఒక పన్ను నిలబడేసరికి పడవ ఊగి పక్కది వంగుతుంది.

"మెల్లగా బాబాయ్!"

"మెల్లగా పోతే నాలుగు దాటుద్ది, గట్టిగా పోతే పళ్ళు ఊగుతాయి. ఏదో ఒకటి తేల్చమ్మా!"

"దొరికింది!" భర్త మోచేయి దోక్కుపోయి, ముక్కుకి మసితో లేచాడు. అరచేతిలో కోరపన్ను. నిజంగానే కోరపన్ను. పెళ్ళయ్యాక ఆయన ముఖంలో అంత సంతోషం ఆమె ఎప్పుడూ చూడలేదు. చొక్కా జేబు తడుముకుని రంగు బిళ్ళల డబ్బా తీయబోయాడు.

"అది బయటికి తీస్తే మిమ్మల్ని ఏట్లోకి తోసేస్తా. తువ్వాలు పట్టుకుని నాకు నీడపట్టండి."

ఆయన నీడపట్టాడు. నోరు తెరవకుండా పట్టాడు. అదీ పెళ్ళయ్యాక మొదటిసారే.

దవాఖానాలో గడియారం వంక చూడకుండా ఆమె లోపలికి నడిచింది. వేలంపాటల తాతగారు కుర్చీలో అప్పటికే వెనక్కి వాలి ఉన్నాడు. పళ్ళు లేని నోరు బోసిగా, పెదాలు లోపలికి పోయి, వీధిలో ఎదురైతే ఇంత గొంతున్న మనిషని ఎవరూ అనుకోరు. డాక్టరమ్మ మైనపు సెట్టు అందుకుని వెలుతురులో తిప్పి చూసింది. కనుబొమ్మ ఒకటి లేచింది. ఆయన నోట్లో అమర్చింది.

"ఏదైనా మాట్లాడండి తాతగారూ."

ముసలాయన గొంతు సవరించుకున్నాడు. ఆయనకి వేరే మాట్లాడ్డం రాదు కాబోలు. "ఒకటోసారి..."

మాట చివర పళ్ళసందులోంచి సన్నటి ఈల వచ్చింది. "రెండోసారి..." మళ్ళీ ఈల. ఆయన ముఖం పాలిపోయింది. "ఇలా వేలం వేస్తే నన్ను చూసి నవ్వుతారమ్మా. పోనీ, వేలం ఇంకొకరిని వెయ్యమంటాను."

డాక్టరమ్మ ఆమె వైపు తిరిగింది.

ఆమెకి పడవ దిగినా దిగనట్టే ఉంది. కానీ చెవి మాత్రం పనిచేస్తోంది. ఈల ముందు రెండు పళ్ళ వెనకనుంచి వస్తోంది. ఊగే పడవలో వాటిని వెంట్రుకవాసి బయటికి పెట్టేసింది. "ఒక్క నిమిషం ఇవ్వండి," అంది. స్పిరిటు దీపం వెలిగించి, కత్తి వేడిచేసి, రెండు పళ్ళని బొటనవేలితో లోపలికి నొక్కింది. చల్లటి నీళ్ళలో ముంచింది. తనే ఆయన నోట్లో పెట్టింది.

"ఇప్పుడనండి."

"ఒకటోసారి." గొంతు కొంచెం లేచింది. "రెండోసారి." గదిలో గాజుసామాను అదిరింది. ముసలాయన ఆమె కళ్ళలోకి చూస్తూ, ఊరించి, ఆగి, ఆగి, కుర్చీ చెయ్యిమీద చరిచాడు. "మూడోసారి!"

బయట వరండాలో పడవవాడు చప్పట్లు కొట్టాడు.

తాతగారు అద్దం అడిగి తన నవ్వు తను చూసుకుంటుంటే, డాక్టరమ్మ ఆమెని పక్కకి పిలిచింది. "మైనంలో మసి ఉంది. కిరసనాయిలు వాసనొస్తోంది. ఏం జరిగింది?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. ఆగింది. "మా ఆయన పాతసామాన్ల పడవకి ఇచ్చేశారండీ. పడవలో కూర్చుని సరిచేశాను."

డాక్టరమ్మ చేతి తొడుగులు తీసేసింది. "నీ చేయి గురించి నాకు అనుమానం లేదు. నీ ఇంటి గురించే అనుమానం. ల్యాబులో అయితే ఇలా జరగదు. నా పేషెంట్ల పళ్ళు నీ దగ్గర భద్రంగా ఉంటాయా?"

"నిన్నటిదాకా ఉండేవి కాదు," అంది ఆమె. "ఇకనుంచి ఉంటాయి. ఎలాగో అడక్కండి, ఇంటి విషయం."

డాక్టరమ్మ పెదవి కొరుక్కుని నవ్వాపుకుంది. లోపలికెళ్ళి, తడిగుడ్డలో చుట్టిన కొత్త దవడ అచ్చులు రెండు తెచ్చి ఆమె చేతుల్లో పెట్టింది. "వచ్చే వారానికి."

బయట భర్త ఎండలో నిలబడి ఉన్నాడు. చొక్కాకి తుప్పు, మోచేతికి పడవవాడు కట్టిన పీలిక. ఆమె చేతిలో మూట చూసి ముఖం విప్పారింది. "అయితే 'సొంత ల్యాబు' అన్నదానికి..."

"ఇక్కడ తాళాలమ్మే కొట్టు ఎక్కడుందో కనుక్కోండి."

"తాళమా? దేనికి?"

"కింది గదికి."

ఆయన ఆలోచించాడు. టైంటేబుల్లో ఎక్కడో ఒక బస్సు తప్పిపోయినట్టు కళ్ళు చికిలించాడు. "మంచిదే. మరి నాకో తాళంచెవి..."

"ఒకటే చెవి ఉండే తాళం అడగండి," అంది ఆమె, అచ్చుల్ని గుండెకి హత్తుకుని రేవు మెట్లు దిగుతూ.