అంచు కోసిన పుస్తకం

తమ్ముడు పోయి ఏడు నెలలైంది. బైండింగ్ ఇద్దరు చేసే పని. ఒకరు కాగితాల కట్టను ప్రెస్సులో సర్ది పట్టుకుంటే ఇంకొకరు చక్రం బిగించాలి. ఇప్పుడు రెండూ నేనే చేస్తున్నాను. ఎడమ మోచేత్తో కట్టను అదిమి కుడిచేత్తో చక్రం తిప్పుతాను. కట్ట ప్రతిసారీ కొంచెం పక్కకు జారుతుంది.

షాపు పైన మేడమీద మరదలు, తమ్ముడి భార్య, ఉంటుంది. రోజూ ఉదయం ప్రార్థన మందిరానికి వెళ్తూ షాపు ముందు ఆగుతుంది.

"వస్తారా బావగారూ?"

"పని ఉందమ్మా."

మొదట్లో రెండుసార్లు వెళ్లాను. అందరూ కళ్లు మూసుకుంటే నేనూ మూసుకున్నాను. నోరు తెరిస్తే ముందుగా ఏ మాట వస్తుందో నాకు తెలుసు. అది పక్కనే కూర్చున్న మరదలికి వినపడుతుంది. పళ్లు బిగించి కూర్చుని, అందరికంటే ముందు లేచి వచ్చేశాను. ఆ తర్వాత దేవుడూ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

పని ఎగ్గొట్టడం తమ్ముడికి ఒక కళ. పెద్ద ఆర్డరు వచ్చిన రోజు నేలమీద వెల్లకిలా పడి కళ్లు తేలేసేవాడు. "శవానికి పని చెప్పకూడదన్నయ్యా, పాపం తగులుతుంది" అనేవాడు పెదవి కదపకుండా. ఆ రోజూ అలాగే పడ్డాడు. రెండు వందల స్కూలు పుస్తకాలున్నాయి, జిగురు ఆరిపోతోంది. ఒకసారి తిరిగి చూసి, "లేరా, నీ నాటకాలు చాలు" అన్నాను. పని చేసుకుంటూనే తిట్టాను. దున్నపోతన్నాను, పనిదొంగన్నాను. ఆరు పుస్తకాలకు అట్టలు వేశాను. ఆరు అట్టలంటే నాలుగు నిమిషాలు.

"పడగానే తెచ్చారా?" అని ఆస్పత్రిలో డాక్టరు అడిగాడు. "పడగానే" అన్నాను. మరదలు నా పక్కనే ఉంది.

కిందటి నెల అద్దాలావిడ ఒక ప్రార్థన పుస్తకం తెచ్చింది. వీధి చివర ఒక్కతే ఉండే ముసలామె. ఆవిడ సోడాబుడ్డి కళ్లద్దాలు చూసి ఆ పేరు పెట్టింది తమ్ముడే. పుస్తకం కుట్లు తెగి కాగితాలు విడిపోయి ఉన్నాయి.

"గట్టిగా కుట్టు నాయనా. నాకంటే ఒక్కరోజు ఎక్కువ బతికితే చాలు."

పాత పుస్తకాన్ని ఎక్కడ ఎక్కువగా చదివారో బైండరుకు తెరవకుండానే తెలుస్తుంది. మూసి పక్కనుంచి చూస్తే, వేళ్లు తగిలిన పేజీలు అంచు మీద నల్లగీతలా కనిపిస్తాయి. ఈ పుస్తకానికి ఒకచోట బొటనవేలు పట్టేంత పల్లం కూడా పడింది. దాన్ని చూశాను. చూసి కూడా, కుట్టడం అయ్యాక అలవాటు కొద్దీ కటింగ్ మిషన్లో పెట్టి మూడు వైపులా అంచు కోసేశాను. తెల్లగా, కొత్తగా వచ్చింది. పని బాగా కుదిరిందనుకున్నాను.

తీసుకెళ్లిన రెండు రోజులకే ఆవిడ తిరిగి వచ్చింది. బొటనవేలితో అంచును పైకీ కిందికీ తడుముతోంది.

"నా పేజీ దొరకడం లేదు నాయనా. కాస్త చూసి పెట్టు."

"ఏ పేజీ అమ్మా?"

"మా ఆయన పోయినప్పటి నుంచీ చదువుకునేది. అంతకుముందు ఆయన చదివేవాడు, వాళ్లమ్మ పోయాక."

"ఈపాటికి నోటికి వచ్చేసి ఉంటుందిగా."

"వచ్చు. కానీ వేలు అక్కడ పడితే గానీ నోరు పెగలదు. ముప్పై ఏళ్ల అలవాటు, ఏం చెయ్యను?"

'పాత కాగితం కదమ్మా, కుడుతుంటే చిరిగింది' అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. చాలా మామూలుగా, తడబాటు లేకుండా వచ్చింది. డాక్టరుతో "పడగానే" అన్నదీ ఇదే గొంతుతోనని తట్టింది.

"నేనే కోసేశానమ్మా. ఆ పల్లం చూసి కూడా కోశాను."

ఆవిడ వేలు ఆగిపోయింది. "ఆ ముక్కలున్నాయా?"

"చిత్తుకాగితాలవాడు పట్టుకుపోయాడు."

ఆవిడ స్టూలు మీద కూర్చుంది. తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండేది.

"సరే, నువ్వు చదువు. నేను గుర్తుపడతాను."

మొదటి పేజీ నుంచీ ఒక్కో ప్రార్థనలో మొదటి వాక్యం చదువుతూ పోయాను.

"అది కాదు. అది పెళ్లివాళ్లది. అదీ కాదు, అది వానలు పడాలని. మనకెందుకు, ఇంట్లో గొడుగు కూడా లేదు."

అరగంట తర్వాత ఒక చిన్న ప్రార్థన వచ్చింది. "ప్రభూ, నేను చేసింది నీకు తెలుసు. అయినా నా నోటితో నన్ను చెప్పనివ్వు."

"అదే" అంది. "చదువు."

తర్వాతి వాక్యం నా నోట రాలేదు. "మా తమ్ముడు పడ్డప్పుడు" అని మొదలుపెట్టాను. ముసలామెకు చెప్పానో, పుస్తకానికి చెప్పానో, ఆ పైవాడికి చెప్పానో తెలియదు. ఆరు అట్టల సంగతీ చెప్పాను. తిట్టిన తిట్లు ఒక్కటీ వదల్లేదు.

అంతా విన్నాక ఆవిడ అడిగింది.

"మీ మరదలికి తెలుసా?"

"తెలియదు."

"నేను పరాయిదాన్ని. నాకు చెప్పడం తేలిక."

"దేవుడికీ చెప్పినట్టేగా అమ్మా."

"ఆయనకు చెప్పడమూ తేలికే. వినేసి మన ముందు కూర్చుని ఏడవడు." పుస్తకం తీసుకుని లేచింది. "మేడకు మెట్లెన్ని?"

"పద్దెనిమిది."

"నా మోకాళ్లతో కాదు కదా ఎక్కాల్సింది. వెళ్లు."

మరదలు ఉతికిన బట్టలు మడతపెడుతోంది. గుమ్మం దగ్గరే నిలబడి చెప్పాను. చేతిలో ఉన్నది మడతపెట్టింది, విప్పింది, మళ్లీ మడతపెట్టింది.

"వెంటనే తీసుకెళ్తే బతికేవాడా?"

"తెలియదు."

"అంతసేపూ తిడుతూనే ఉన్నారా?"

"ఉన్నాను."

నా వైపు చూడలేదు. "ఇంక పైకి రాకండి బావగారూ" అంది, గొంతు పెంచకుండా. లేచి వచ్చి తలుపు వేసింది. గడియ పడింది.

అక్కడే మెట్ల మీద కూలబడ్డాను. చెప్పేస్తే తేలికపడతానని లోపలెక్కడో ఆశ ఉన్నట్టుంది. పడలేదు. ఆమె నెత్తిన ఇంకో బరువు పెట్టానే గాని నాది తగ్గలేదు. తలుపు వెనక ఏడుపు వినిపిస్తోంది. ఆ తలుపు తట్టే హక్కు నాకు లేదు. చేయగలిగింది ఏదీ తోచక కళ్లు మూసుకున్నాను. ఈసారి పళ్లు బిగుసుకోలేదు. నన్ను క్షమించమని అడగలేదు, అంత ధైర్యం ఇంకా రాలేదు. ఈ పూట ఆమెకు రెండు ముద్దలు సయించాలని అడిగాను.

జవాబేమీ రాలేదు. లోపల ఏడుపు ఆగలేదు. మళ్లీ అడిగాను.