నాలో లేని మాట

నేను ఒక లావుపాటి పుస్తకాన్ని. మనసు ఎలా పనిచేస్తుంది, దుఃఖాన్ని ఎలా ఓర్చుకోవాలి, బతుక్కి అర్థం ఎక్కడ దొరుకుతుంది, ఇవన్నీ నాలో ఉన్నాయి. ఇంత తెలిసిన నేను ఒక పెద్దావిడ అడిగిన చిన్న ప్రశ్నకు బిగుసుకుపోయాను.

విజయవాడలో ఒక చిన్న అచ్చాపీసులో పుట్టాను. బాధను సాక్షిలా చూడమని నా మొదటి అధ్యాయంలోనే రాసి ఉంది. కానీ నన్ను కుట్టేటప్పుడు సూది వెన్నులో దిగితే ఆ మాట ఒక్కటీ గుర్తు రాలేదు.

నన్ను మొదట కొన్నది శ్రీకాకుళంలో తత్వశాస్త్రం చెప్పే లెక్చరరు శేషాచలం గారు. ఎర్ర పెన్నుతో గీతలు గీశారు, సభల్లో నా వాక్యాలు వల్లించారు. కోపాన్ని జయించే అధ్యాయంలో ఉండగా కాఫీలో చక్కెర తక్కువైందని ఇల్లు అదిరేలా అరిచి నన్ను మూసేశారు. మళ్ళీ తెరవలేదు. కాలేజీలో వ్యాసరచన పోటీ పెట్టినప్పుడు మొదటి బహుమతిగా నన్నే ఇచ్చేశారు.

ఆ బహుమతి గెలిచింది హేమావతి, సముద్రపు ఒడ్డు పల్లె పిల్ల. నన్ను చివరిదాకా చదివిన మనిషి ఆమె ఒక్కతే. నచ్చని చోట నాతో పోట్లాడేది కూడా. పెళ్ళయ్యాక చీరల మధ్య పెట్టుకుని నన్ను అత్తవారింటికి తీసుకెళ్ళింది. భర్త లోకనాథం సముద్రంలో చేపల వేటకు వెళ్తాడు. అతని తల్లి కొర్లమ్మకు చదువు రాదు. చేపలు ఎండబెడుతూ, "ఏటి రాసుందే అందులో?" అని అడిగి కోడలి చేత చదివించుకునేది. నచ్చితే తల ఊపేది, లేకపోతే హాయిగా కునుకు తీసేది.

ఒకసారి పడవలన్నీ సముద్రం మీద ఉండగా గాలివాన లేచింది. సాయంత్రానికి అన్నీ ఒడ్డుకు చేరాయి, లోకనాథం వెళ్ళిన పడవ తప్ప. మర్నాడూ రాలేదు. ఇరుగుపొరుగు వచ్చి వాకిట్లో మాటా పలుకూ లేకుండా కూర్చున్నారు. కొర్లమ్మ భర్త కూడా ఇలాగే వేటకెళ్ళి తిరిగి రాలేదట. ఆవిడ గంజి కూడా ముట్టలేదు.

"హేమా, ఆ పుస్తకం తీసి ఏదోటి సదువే. ఈ గాలి సప్పుడు ఇనలేకపోతన్నాను" అంది.

హేమావతి తెరిచింది. పడింది మరణాన్ని అంగీకరించడం గురించిన అధ్యాయం. నన్ను రాసినాయన అన్నిటికన్నా కష్టపడి రాసింది అదే. ఆ రోజు మాత్రం దాన్ని ఎక్కడ దాచుకోవాలో నాకు తెలియలేదు.

"మావోడు వొస్తాడని రాసుందేటే అందులో?" కొర్లమ్మ అడిగింది.

"రాసుందత్తా" అంది హేమావతి. "ఎల్లినోడు వొస్తాడు, ఇంట్లోవోళ్ళు తిండి మానకుండా కాసుకోవాల అని రాసుంది."

కొర్లమ్మ కోడలి వంక చాలాసేపు చూసింది. "అయితే గంజి పట్రా" అంది.

నాలో ఆ మాట లేదు. అతను రాకపోతే ఈ పిల్ల ఇక ఏ పుస్తకాన్నీ ముట్టదు, తనను తాను క్షమించుకోదు. నాలో ఉన్నదంతా తప్పయినా సరే, లేని ఆ ఒక్క మాట నిజం కావాలని కోరుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం ఫోను మోగింది. ఎవరిదో తెలియని నంబరు.

"నేనే హేమా. ఇంజను సెడిపోనాది. గాలి మమ్మల్ని ఒరిస్సా వైపు తోసీసింది. అందరం బాగున్నాం. అమ్మకి సెప్పు."

హేమావతి ఫోను అత్త చేతిలో పెట్టి నేల మీద కూలబడింది. కొర్లమ్మ ముందు కొడుకుని నోరారా తిట్టింది, తరువాత ఏడ్చింది. వాకిట్లో ఒక్కసారిగా అందరికీ మాటలొచ్చాయి. ఎవరో పొయ్యి వెలిగించారు. నా కుట్లన్నీ వదులైనంత హాయిగా అనిపించింది.

లోకనాథం ఇల్లు చేరి, కడుపునిండా తిని, గురక పెట్టి నిద్రపోతుంటే కొర్లమ్మ నన్ను తెచ్చి కోడలి ఒళ్ళో పెట్టింది.

"ఏదే, ఆ మాట రాసిన కాడ ఓపాలి సూపెట్టు."

హేమావతి తల దించుకుంది. "నేదత్తా. నేనే అల్లి సెప్పినాను."

"నాకు తెల్దేటే?" కొర్లమ్మ నవ్వింది. "నీ కళ్ళు పుస్తకం మీద నేవు, నా మొకం మీదే ఉన్నాయి. అంత మంచి మాట అందులో నేకపోతే ఎలాగ? రాసీ."

హేమావతి పెన్ను తెచ్చి, చివరి ఖాళీ పేజీలో గుండ్రటి అక్షరాలతో రాసింది. కొర్లమ్మ ఆ తడి సిరా మీద వేలు పెట్టబోయి, చెరిగిపోతుందేమోనని ఆగి, నోటితో ఊది ఆరబెట్టింది.

నన్ను రాసినాయన చూస్తే ఏమంటాడో తెలియదు. నాకు మాత్రం గుండెల మీంచి బరువు దిగింది. ఇప్పుడు ఎవరు తెరిచి చూసినా ఆ మాట నాలో ఉంది.