వెండెల్ దాటనివ్వడు

పొద్దున ఏడున్నరకల్లా వెండెల్ గ్రైమ్స్ మెరిసే పచ్చచొక్కా తొడుక్కుని, ‘ఆగుము’ అని రాసిన పలక చేత్తో పట్టుకుని బడి ముందు కూడలికి వచ్చేస్తాడు. పిల్లల్ని రోడ్డు దాటించడం అతని పని. పలక ఎత్తాల్సిన అవసరం మాత్రం ఎప్పుడూ రాలేదు. అతను రోడ్డు మధ్యకి నడిచాడంటే బొగ్గు లారీలు బ్రేకు వేసినా వెయ్యకపోయినా ఆగిపోతాయి. డ్రైవర్లకి అది అలవాటే. స్టీరింగ్ వదిలేసి, ఫ్లాస్కులోంచి కాఫీ వంపుకుని తాగుతూ కూర్చుంటారు.

వెండెల్ నిలబడ్డ చోటు దాటి ఏదీ పోదు. అతను పక్కకి జరిగి దారిస్తే తప్ప. పెన్సిల్వేనియాలో మా నది లోయ అంతటికీ తెలిసిన సంగతే ఇది. ఒక ఏడాది నది పొంగితే రబ్బరు బూట్లు వేసుకుని ఫెర్రీ వీధి మొదట్లో నిలబడ్డాడు. నీళ్ళు అతని బూట్ల దాకా వచ్చి, కాసేపు అక్కడే తచ్చాడి, వెనక్కి పోయాయి. అతని వెనక ఇళ్ళవాళ్ళు ఆ పూట బట్టలు ఉతికి ఆరేసుకున్నారు కూడా. శుక్రవారం చర్చి ఆవరణలో చేపలు వేయించేటప్పుడు గాలికి పొయ్యి ఆరిపోతుంటే అతన్నే పిలిచి అడ్డం నిలబెడతారు. “నేను మనిషినా, తడికనా?” అని విసుక్కుంటాడు కానీ, నిలబడతాడు. ప్లేటు నిండా చేపలు పెడతారు మరి.

కుర్రతనంలో మా హైస్కూలు ఫుట్‌బాల్ జట్టులో అతనిది రక్షణ వరసలో నడిమధ్య చోటు. మా ఫుట్‌బాల్ కాలితో తన్నేది కాదు, బంతి చంకన పెట్టుకుని పరుగెత్తి గీత దాటించేది. ఎంతటివాడు దూసుకొచ్చినా అతని దగ్గరికి వచ్చేసరికి కథ కంచికే. తర్వాత కాలేజీ, ఆ తర్వాత పెద్ద నగరంలో డబ్బిచ్చి ఆడించే లీగులో తొమ్మిదేళ్ళు. రిటైరై తిరిగొచ్చేసరికి రెండు మోకాళ్ళలోనూ ఇనుము చేరింది, తలలో పేర్లు నిలవడం మానేశాయి. ఏదీ దాటనివ్వనివాడి దగ్గర వచ్చిందల్లా వాడి ఒంట్లోనే ఆగుతుంది. పక్కింటి కుక్క పేరు రోజూ అడిగి తెలుసుకునేవాడు. ఒక్క ఆట మాత్రం అక్షరం పొల్లుపోకుండా గుర్తుండిపోయింది.

అది నది అవతలి ఊరితో ఆడిన ఛాంపియన్‌షిప్. మావాళ్ళు నాలుగు పాయింట్లు ముందున్నారు. వాళ్ళకి మిగిలింది ఆఖరి ప్రయత్నం ఒక్కటే, గీత మూడు గజాల దూరంలో ఉంది, దాటితే గెలుపు వాళ్ళదే. అప్పుడు కోచ్ స్టాన్ హుడాక్ గట్టు మీంచి అరిచాడు: “గ్రైమ్స్, బయటికి రా.”

మైదానం అంతా నోరు తెరిచింది. మా జట్టులో ఒక పద్ధతి ఉంది. ఆడలేనంతగా అలసినవాడు హెల్మెట్ మీద అరచేత్తో రెండుసార్లు తట్టుకుంటాడు. కోచ్ అది చూసి వాణ్ణి పిలిచి ఇంకొకణ్ణి పంపుతాడు. వెండెల్ పుట్టి బుద్ధెరిగి ఒక్కసారి కూడా తట్టుకోలేదు. ఆ రాత్రీ తట్టుకోలేదు. అయినా పిలిచాడు. వెండెల్ బయటికి వచ్చి హెల్మెట్‌ని నేలకేసి కొడితే బురద లేచి కోచ్ బూట్ల మీద పడింది. అవతలివాళ్ళ కుర్రాడు సరిగ్గా వెండెల్ ఖాళీ చేసిన చోట్లోంచే దూరి గీత దాటేశాడు. మా ఊరు ఓడిపోయింది.

ఆ చలికాలమంతా మాంసం కొట్టువాడు కోచ్‌కి బొమికలే తూచాడు. ఎందుకు పిలిచావయ్యా అంటే ఒకటే మాట, “నేను కోచ్‌ని. పిలిచాను.” వెండెల్ లీగు నుంచి తిరిగొచ్చాక అతని ఆట చొక్కాని బడి గోడకి ఎక్కించే సన్మానంలో, మైకు ముందే అడిగాడు ఆ ప్రశ్న. కోచ్ లేచి అదే జవాబిచ్చి, టోపీ పెట్టుకుని ఇంటికి పోయాడు. ఇద్దరివీ ఒకే వీధిలో ఇళ్ళు. అప్పటినుంచి ఎదురుపడితే ఒకరు నది వైపు చూసేవారు, ఒకరు కొండ వైపు.

ఆ ఆట గురించి వెండెల్ చెప్పుకు నవ్వే ముచ్చట ఒకటుంది. మంగలి ఫ్లాయిడ్ షాపులో కూర్చుని కొత్తవాడు దొరికితే చాలు మొదలుపెట్టేవాడు: “అవతలి జట్టులో బంతి పట్టుకు పరుగెత్తేవాడు ఉన్నాడే, నేను కొట్టిన దెబ్బకి ఎంత జడుసుకున్నాడో తెలుసా? ఆఖరి ప్రయత్నానికి ముందు మేమంతా గుండ్రంగా చేరి మాట్లాడుకుంటుంటే, వాడొచ్చి మా మధ్యలో నిలబడ్డాడు! నేనే రెక్క పట్టుకుని తిప్పి, ‘నాన్నా, మీవాళ్ళు అటున్నారు’ అని తోశాను.” షాపంతా నవ్వేది. ఫ్లాయిడ్ అయితే ఏళ్ళ తరబడి విన్నదానికే మళ్ళీ నవ్వేవాడు, గడ్డం గీసే కత్తి మాత్రం జాగ్రత్తగా పైకెత్తి పట్టుకుని.

ఈ ఏడు మేపుల్ చెట్ల ఆకులు రాలడం మొదలయ్యాక, కోచ్ భార్య ఓల్గా శాలువా కప్పుకుని వెండెల్ గుమ్మంలోకి వచ్చింది.

“నాయనా వెండెల్, ఆయనకి బాగోలేదు. డాక్టరు ఇక లాభం లేదన్నాడు. మీ ఇద్దరికీ పడదని తెలుసు. ఆయన కోసం అడగట్లేదు, నా కోసం అడుగుతున్నా. వచ్చి మా గేటు దగ్గర నిలబడు.”

“ఎన్నాళ్ళు నిలబడమంటారమ్మా?”

“నిలబడగలిగినన్నాళ్ళు.”

వెండెల్ మడత కుర్చీ తీసుకుని బయల్దేరాడు. ఊరు అతని మంచితనానికి ముచ్చటపడింది. అసలు సంగతి ఫ్లాయిడ్‌కి ఒక్కడికే చెప్పాడు: “తప్పయిందని నాతో అనకుండా ముసలాడు ఎక్కడికి పోతాడు? పోయేది నన్ను దాటేనా?”

హుడాక్‌ల ఇల్లు కొండరాయికి వీపు ఆనించి కట్టిన చిన్న ఇల్లు. లోపలికి రావాలంటే ఆ ఒక్క గేటే దారి. వెండెల్ అక్కడ నిలబడ్డ పూటనుంచే గేటు బయట ఆకులు పోగుపడసాగాయి, ముంగిట్లో ఒక్కటీ లేదు. కోచ్ దగ్గు అంతకంటే ముదరలేదు. ఓల్గా ఆనందానికి పట్టపగ్గాల్లేవు. క్యాబేజీ ఆకుల్లో మాంసం, బియ్యం పొట్లాలుగా చుట్టి ఉడికించి, ప్లేటు గేటు దగ్గరికే తెచ్చిచ్చేది.

ఫ్లాయిడ్ మధ్యాహ్నం షాపు మూసుకుని వచ్చి కాలక్షేపానికి నిలబడేవాడు. “నీ కూడలిలో ఇంకొకణ్ణి పెట్టార్రా. పలక ఎత్తీ ఎత్తీ చెయ్యి పడిపోయిందని మొత్తుకుంటున్నాడు.”

“మొత్తుకోనీ. ఉద్యోగమంటే అంతే.”

“ఇంతకీ తప్పయిందన్నాడా?”

“అనలేదు. అంటాడు.”

కానీ రోజులు గడిచేకొద్దీ ప్లేటు తెచ్చే ఓల్గా మొహం వాడిపోయింది. నర్సు వచ్చి చూసి, వెళ్తూ గేటు దగ్గర ఆగి వెండెల్‌ని ఎగాదిగా చూసింది. “ఆయన ఎప్పుడో వెళ్ళిపోవాల్సింది. ఇదంతా మీ చలవే,” అంది. మెచ్చుకుంటున్నట్టు లేదు ఆ గొంతు.

ఓల్గా కూడా మెల్లిగా బయటపడింది. “ముద్ద దిగట్లేదు నాయనా. నిద్ర అసలే లేదు. కళ్ళు మూసుకుని అట్లా పడుకుంటాడు, నిద్ర రాదు. అది కూడా బయటే ఆగిపోయిందేమో.” ఆగి, గేటు బయటి ఆకుల గుట్ట వైపు చూసి, “ఇంకో రెండ్రోజులు చూద్దాం,” అని లోపలికి పోయింది.

వెండెల్ మోకాళ్ళు రాత్రీ పగలూ లాగుతున్నాయి. కుర్చీలో కూర్చున్నా నిలబడ్డట్టే ఉంది. ఎవరి మీద కోపంతో నిలబడ్డాడో వాడి అలసటే గాలిలా వచ్చి తన వీపుకి తగులుతున్నట్టు ఉండేది. అయినా కదల్లేదు.

మంగళవారం నాడు ఇంటిని వెచ్చబరిచే ఫర్నేసు బాగుచేసే అతను వచ్చాడు. పనిముట్ల సంచీ, బట్టతల, కొంచెం పొట్ట. ప్రతి ఏటా చలి ముదిరే ముందు వచ్చి హుడాక్‌ల ఫర్నేసు చూసి పోతాడట, డబ్బు ముట్టడట. వెండెల్ లేచి పక్కకి జరిగి అతనికొక్కడికే దారిచ్చాడు. అతను లోపలికి అడుగు పెట్టబోతూ ఆగి, వెండెల్ మొహంలోకి కాసేపు చూసి, “చలిగా ఉంది, మెడకేమైనా చుట్టుకోండి,” అని తన మఫ్లరు తీసి చేతిలో పెట్టి వెళ్ళాడు. ఎంత మంచి మనిషి అనుకున్నాడు వెండెల్. పేరడిగితే ఎలాగూ మరిచిపోతానని అడగలేదు.

శుక్రవారం మధ్యాహ్నం బడి బ్యాండు వాయిద్యాలు సరిచేసుకుంటోంది. సాయంత్రం ఆట ఉంది. అంతలో వెనకనుంచి విజిల్ వినబడింది. గాలి చాలక సగంలో తెగిపోయిన విజిలే. అయినా ఆలోచించకుండానే వెండెల్ ఒళ్ళు అటు తిరిగిపోయింది.

కిటికీ తెరిచి ఉంది. మంచాన్ని కిటికీకి చేర్చినట్టున్నారు, దిండు మీద కోచ్ తల కనబడింది. గేటుకీ కిటికీకీ మధ్య నాలుగడుగుల ముంగిలి. మాట్లాడుకోవడానికి అరవనక్కర్లేదు.

“ఒరేయ్, మోకాళ్ళు లాగట్లేదూ?”

“లాగుతున్నాయి. మీరనాల్సింది అంటే పోయి పడుకుంటా.”

“ఏమనాలి?”

“తప్పయిందని.”

“కాలేదు కదరా. ఎట్లా అనను?” కోచ్ ఊపిరి కూడదీసుకున్నాడు. “ఆ రాత్రి వాళ్ళ కుర్రాడు మన గుంపులోకి వచ్చి నిలబడ్డాడు. గుర్తుందా?”

అలవాటు చొప్పున వెండెల్‌కి నవ్వొచ్చింది. “గుర్తులేకేం? జడుసుకుని...”

“జడుసుకోవడం కాదురా. అంతకు ముందు నువ్వు కొట్టిన దెబ్బకి వాడి తల అదిరిపోయింది. తన జట్టేదో వాడికి తెలియలేదు. వాళ్ళ కోచ్ చూసి కూడా ఊరుకున్నాడు. నేను వెళ్ళి రిఫరీతో మొత్తుకున్నా, కుర్రాడు బాగానే ఉన్నాడన్నాడు. మళ్ళీ బంతి వాడికే ఇస్తారని నాకు తెలుసు. వాడు తల వంచుకుని నేరుగా నీ మీదికే వస్తాడు. నువ్వు దాటనివ్వవు.”

వెండెల్ నవ్వు మొహం మీదే ఉండిపోయింది, ఎలా తీసెయ్యాలో తెలియనట్టు. తన చేతిలో ఆ కుర్రాడి రెక్క గుర్తొచ్చింది. ఎటు తిప్పితే అటు తిరిగింది అది, పసిపిల్లాడి చెయ్యిలాగా.

“నాతో చెప్పొచ్చుగా. నెమ్మదిగా పట్టుకునేవాణ్ణి.”

“నెమ్మది నీకు తెలుసా? నేనెప్పుడన్నా నేర్పానా? అది నా తప్పు. కావాలంటే దానికి చెప్తా, తప్పయిందిరా వెండెల్. నిన్ను బయటికి పిలిచినందుకు మాత్రం చెప్పను. ఇంకో వందసార్లయినా పిలుస్తా.”

“ఆ తర్వాతన్నా చెప్పలేదేం? నలభై ఏళ్ళు!”

“చెప్తే ఏమయ్యేది? ఊరు నీ భుజం తట్టేది. ‘ఒకణ్ణి చంపినంత పని చేశాడు మావాడు’ అని గొప్పగా చెప్పుకునేది. ఊరి సంగతి నీకు తెలియందేముంది? వాడి మీద జోకు చెప్పి నువ్వు నవ్విస్తూనే ఉన్నావు కదా. నా చెవినా పడింది.”

వెండెల్‌కి సిగ్గేసింది. అరవై దగ్గరపడ్డ మనిషికి గేటు దగ్గర నిలబడి ఏడుపొచ్చింది. మెడలో మఫ్లరుతో మొహం తుడుచుకున్నాడు.

“వాడేమయ్యాడు కోచ్?”

“డెనిస్ కోవాల్. ముగ్గురు మనవలు. ఫర్నేసులు బాగుచేస్తాడు.” కోచ్ కళ్ళు ఆ మఫ్లరు మీదికి పోయాయి. “మంగళవారం పక్కకి జరిగి వాడికి దారిచ్చావుగా. ప్రపంచం ఏమైనా మునిగిందా?”

బ్యాండు ఒక పాట మొదలుపెట్టి, తప్పు వాయించి, మళ్ళీ మొదలుపెట్టింది. కోచ్ కళ్ళు మూసుకున్నాడు.

“చాలా అలసిపోయానురా. ఆరోజు నేను పిలిచాను. ఈసారి నువ్వే బయటికి రా.”

వెండెల్ కిటికీ లోపల మంచం పక్కన నిలబడ్డ ఓల్గా వైపు చూశాడు. గేటు దగ్గర నిలబడమని అడిగింది ఆవిడ. ఆవిడ చెప్పకుండా ఎలా కదులుతాడు? ఓల్గా పరదా అంచు పట్టుకుని చాలాసేపు నిలబడింది. తర్వాత కిటికీ మూయకుండానే వెనక్కి తిరిగి, కుర్చీ లాక్కుని, మంచం పక్కన కూర్చుని ఆయన చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుంది.

వెండెల్ గేటు వైపు తిరిగాడు. ఆకుల గుట్ట నడుము దాకా ఉంది. దాని వెనక వీధి, వీధి వెనక నది. అటునుంచి రావాల్సిందంతా ఇన్నాళ్ళుగా అతని ముందు ఓపిగ్గా కాచుకుని ఉంది. కుడిచెయ్యి పైకెత్తాడు. బరువుగా లేచింది చెయ్యి. అరచేత్తో నడినెత్తిన ఒకసారి, మళ్ళీ ఒకసారి తట్టుకున్నాడు.

ఆపైన గేటు వదిలేసి పక్కకి జరిగాడు.

ముందు గాలి వచ్చింది. దాని వెంట ఆకులు, ఎర్రవీ పసుపువీ, తొందర లేకుండా ముంగిట్లోకి వచ్చి, మెట్లెక్కి, కిటికీ అంచు మీద ఆగాయి. లోపలి దగ్గు ఒకసారి వినబడింది, మళ్ళీ వినబడలేదు. కోచ్‌కి నిద్ర పట్టింది. ఓల్గా ఆయన పేరు పెట్టి మెల్లగా ఏదో చెబుతోంది.

ముంగిట్లో గోడకి ఆనించి పాత చెక్క బెంచీ ఒకటుంది. వెండెల్ వెళ్ళి దాని మీద కూర్చున్నాడు. ఆట ముగియకముందే అతను పక్కకి వచ్చి బెంచీ మీద కూర్చోవడం అది రెండోసారి. ఈసారి దేన్నీ నేలకేసి కొట్టలేదు. మోకాళ్ళు చాపుకుని, ఒళ్ళో పడ్డ ఆకుల్ని దులుపుకోకుండా, చాలా రోజుల తర్వాత వచ్చిన నిద్రకి పక్కన కాస్త చోటిచ్చాడు.