బఫరు సీసాలో తోడు

యుద్ధం నడుస్తున్న రోజులు. నేను ఒక మందుల లేబరేటరీలో సీసాలు కడిగేవాడిని. నా భార్య లలితమ్మ పోరు పడలేక ఆమె తమ్ముడు బీరయ్యను అక్కడే పనిలో పెట్టించాను. మాదన్నపేటలో వాళ్ళది పాల వ్యాపారం. పొద్దున్నే బర్రెల పాలు పిండి పనికి వచ్చేవాడు.

కెమిస్టు ఆనందరావుగారు రెండు రకాల ఉప్పులు తూచి ఇస్తే, బీరయ్య బట్టీలో ఆవిరి చేసి పట్టిన నీళ్ళలో కలిపి సీసాలో పోసేవాడు. దాన్ని బఫరు అంటారు. కాస్త ఆమ్లం పడినా, కాస్త క్షారం పడినా దాని గుణం మారదు. రంగుచుక్క వేస్తే ఆకుపచ్చగా రావాలి; పులిస్తే పసుపు వస్తుంది. ఇంజెక్షన్ మందును దానితో పోల్చి చూసేవారు.

ఆ నెల ఏం చేసినా పసుపే. ఉప్పులు చెడ్డాయని ఆయన పారబోయించారు. యుద్ధంలో కొత్తవి దొరకడమే కష్టం. అవీ వచ్చాయి, మళ్ళీ పసుపే. రేపు కూడా రంగు తప్పితే ఇంటికి పొమ్మని బీరయ్యకు చెప్పేశారు.

వాడేం చేస్తున్నాడో పక్కన నిలబడి చూశాను. బఫరు సీసా కడుక్కునేది వాడే; దాన్ని బయట మెరిసేలా తోమాడు. లోపల అడుగున పాత బఫరు, బూజుతో సహా అలాగే ఉంచి, పైన కొత్తది పోయబోయాడు. చెయ్యి పట్టుకున్నాను.

"గిదేందిరా?"

"తోడు బావా. కుండ మొత్తం ఊడ్చి ఎవరన్న పోస్తరా? పాతది లేకుంటే కొత్తది ఎట్ల నిలబడ్తది?"

ఇది పెరుగు కాదని చెప్పాను. ఆ బూజే దాన్ని పులియబెడుతోందన్నాను. తలూపాడు. ఒంపి, అడుగున కొంచెం వదిలాడు. మళ్ళీ చెప్పాను. ఇంకాస్త ఒంపి, మళ్ళీ కొంచెం మిగిల్చాడు. పాత్ర వట్టిది చేస్తే ఇంట్లో పాడి పోతుందని వాళ్ళమ్మ చెప్పిందట.

"పాడి సంగతేమో గని, రేపు నౌకరి పోతది. మీ అక్కకు నువ్వే చెప్పుకో."

"నువ్వే ఒంపు బావా. నాతోని కాదు."

సీసా గుంజుకుని బోర్లించాను. వాడు గోడవైపు తిరిగి నిలబడ్డాడు. బూజంతా పోయేదాకా కడిగి, ఆరబెట్టి ఇచ్చాను.

మర్నాడు రంగు ఆకుపచ్చగా వచ్చింది. జరిగింది ఆనందరావుగారికి చెప్పాను. ఆయన, కలపడం వాడే కలపనీ, సీసా ఖాళీ చేసేది, కడిగేది మాత్రం ఇకనుంచి నువ్వే అని నాకు చెప్పారు.

వాడి నౌకరీ నిలిచింది. నా మీద ఇంకో పని పడింది. ఇంటికి వెళ్తే లలితమ్మ, తన తమ్ముడు ఎంత బుద్ధిగా పని చేసుకుంటున్నాడో నాకే చెప్పింది.